నోరు కట్టుకున్న మనిషి

మా నాయనమ్మ లెక్కలో జ్వరాన్ని తగ్గించేది మందు కాదు, పథ్యం. మందు జ్వరాన్ని ఇంట్లోంచి వెళ్లగొడుతుంది, అంతే. అది మళ్లీ గడప తొక్కకుండా చూసేది పథ్యం. పథ్యం తప్పితే జ్వరం తిరగబెడుతుంది. ములకలపల్లి దాటాక అడవి అంచున ఉండే మా ఊళ్లో ఈ మాటను కాదన్న మనిషిని నా చిన్నతనంలో నేను చూడలేదు. వానలు వెనకబట్టి చలి మొదలయ్యే రోజుల్లో ఇంటికొక మంచం జ్వరానికే కేటాయించినట్టు ఉండేది. తగ్గిన జ్వరం నెలకో రెండు నెలలకో మళ్లీ వస్తే, చూడటానికి వచ్చినవాళ్లు మంచం పక్కన కూర్చోకముందే ఏం తిన్నవ్ అని అడిగేవాళ్లు. ఒళ్లెట్లుందని ఆ తర్వాత అడిగేవాళ్లు.

ఆ మాట మా అమ్మను అడిగినంతగా ఊళ్లో ఇంకెవర్నీ అడిగి ఉండరు. ఎందుకంటే మా అమ్మ లావు మనిషి.

లావంటే మామూలు లావు కాదు. తమ్ముడు పుట్టాక ఒళ్లు చేసింది, మళ్లీ తగ్గలేదు. కొత్తగూడెం బస్సులో ఆమె కూర్చున్న సీట్లో ఇంకొకరికి చోటు మిగిలేది కాదు. కండక్టరు రెండు టికెట్లు కొట్టమంటావా అని పరాచికమాడితే, కొట్టు తమ్మీ, రెండోది మీ ఇంటిదానికి తీస్కపో అని నవ్వేది. పాల్వంచ నుంచి గాజుల మలారం మోసుకొచ్చే సాయిబు అమ్మ కోసమని పెద్ద సైజు గాజులు విడిగా కాగితంలో చుట్టి తెచ్చేవాడు. చేతికి సబ్బు రాసి, మాటల్లో పెట్టి, నొప్పి తెలియకుండా ఎక్కించేవాడు. అమ్మ తన లావు మీద తనే ముందు జోకు వేసేది. తను వేస్తే ఇంక ఎదుటివాళ్లు వేసేది ఏమీ ఉండదని ఆమె లెక్క అని ఇప్పుడనిపిస్తుంది.

ఆమె తిండి గురించి మాత్రం ఎవరికీ ఏమీ తెలియదు. నాయన, నాయనమ్మ, మేమిద్దరం, చేనుకు వచ్చిన కూలీలు, అందరూ తిన్నాక వంటింట్లో ఒక్కతే కూర్చుని ఏముంటే అది తినేది. ఎంత తింటోందో చూసినవాళ్లు లేరు. ఒంటిని చూసి ఎవరికి తోచినంత వాళ్లు అనుకున్నారు.

డెబ్బైల చివర ఒక చలికాలం మా ఇంట్లో ముగ్గురం ఒకేసారి పడిపోయాం. నాయన, అమ్మ, నేను. రోజు విడిచి రోజు చలి వచ్చేది. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పినా పళ్లు టకటకా కొట్టుకునేవి. అది కాగానే ఒళ్లు కాలిపోయేది, ఆ తర్వాత చెమట. మలేరియా ఆయన సైకిలు మీద వచ్చాడు. ఆయన అసలు పేరేమిటో ఊళ్లో ఎవరికీ పట్టేది కాదు, మలేరియా ఆయనే. ముగ్గురి వేళ్లూ సూదితో పొడిచి గాజు పలకల మీద నెత్తురు చుక్కలు తీసుకున్నాడు. రేకు డబ్బాలోంచి తెల్లటి చేదు గోళీలు తీసి చేతిలో పోశాడు. ఎవరికి ఎన్ని ఇవ్వాలో ఆయన దగ్గర వయసు ప్రకారం రాసి ఉండేది. పెద్దవాళ్లకు నాలుగు, నా ఈడు వాళ్లకు రెండు. మిగిలిన రోజులకు కూడా అదే పద్ధతి. నాయన బక్కపలచని మనిషి, చొక్కా విప్పితే ఎముకలు లెక్కపెట్టొచ్చు. ఆయనకు నాలుగు. అమ్మకూ నాలుగు.

అమ్మ అరచేతిలో గోళీల్ని చూసుకుని, "మా ఆయనకు నాలుగే, నాకూ నాలుగేనా అన్నా? నా ఒంట్ల ఇవి ఏ మూలకు సరిపోతయి?" అంది.

అందరం నవ్వాం. వణుకుతూ నాయన కూడా నవ్వాడు. మలేరియా ఆయన, నీకు డబ్బా మొత్తం ఇచ్చిపోవాల్నా వదినా అంటూ సైకిలెక్కాడు. ఆ రోజు ఆ ఇంట్లో నిజం మాట్లాడిన మనిషి ఒక్క అమ్మే. అది నవ్వులాటకు అన్న మాటేనని ఆమె కూడా అనుకుంది.

నాయనకు తగ్గింది, నాకు తగ్గింది, అమ్మకు కూడా తగ్గింది. నాయనమ్మ ముగ్గురికీ ఒకటే పథ్యం పెట్టింది. పాతబియ్యం జావ, నూనె చుక్క లేని బీరకాయ, పాత చింతకాయ తొక్కు, శొంఠి పొడి. వంకాయ పేరెత్తకూడదు. గోంగూర, పెరుగు, బెల్లం, నువ్వులు, మాంసం, ఇవన్నీ నెల దాటేదాకా గోడకు అవతల. నాయనమ్మ ఈ విషయంలో ఊరికే పట్టింపు మనిషి కాదు. మా తాత జ్వరం తగ్గిన పదో రోజో పదిహేనో రోజో చుట్టాలింట్లో వేటమాంసం తిని వచ్చాడట. ఆ రాత్రి మళ్లీ వచ్చిన జ్వరం ఆయన్ను తీసుకునే పోయింది. అప్పటికి మా నాయన నాయనమ్మ చంకలో పిల్లవాడు. ఆ కథ చెప్పేటప్పుడు నాయనమ్మ ఏడ్చేది కాదు, కోప్పడేది. నోరు కట్టుకుంటే బతికేటోడు అనేది. నోరు కట్టుకోవడం అనేది ఆమెకు అన్ని మందుల కంటే పెద్ద మందు.

రెండు నెలలు కాకముందే అమ్మకు జ్వరం తిరగబెట్టింది. అమ్మకు మాత్రమే.

మిరప చేలో కాయ ఏరే రోజులు. నాయన చేనుకు వెళ్లిపోయేవాడు, ఇంట్లో నాయనమ్మదే రాజ్యం. చూడటానికి వచ్చిన అమ్మలక్కలు మంచం మీద అమ్మను పై నుంచి కిందికి చూసి, ఏం తిన్నవ్ పిల్లా అని అడిగేవాళ్లు. ఏమీ తినలేదని చెబితే, నవ్వి ఊరుకునేవాళ్లు. తినకపోతే ఒళ్లెట్ల ఉంటది అని ఒకరు గొణిగితే, ఇంకొకరు అవునన్నట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. ముగ్గురు మనుషులు ఒకే జావ తాగారు, ఇద్దరికి తగ్గింది, ఒకరికి తిరగబెట్టింది. దీనికి ఊళ్లో వాళ్లకు దొరికిన కారణం అదొక్కటే. అమ్మ ఒళ్లే ఆమె మీద సాక్ష్యం చెప్పింది.

మలేరియా ఆయన మళ్లీ వచ్చాడు. మళ్లీ నాలుగు. ఈసారి పథ్యం జాగ్రత్తగా చెయ్యమ్మా అని నాయనమ్మకు చెప్పి మరీ పోయాడు. నాయనమ్మ వంటింటి తలుపుకు తాళం వేసి, తాళంచెవి కొంగుకు ముడేసుకుంది. అమ్మ మీద ఆమెకు పగ లేదు. ఈ మాట నేను నొక్కి చెప్పాలి, ఎందుకంటే వినేవాళ్లకు అత్తాకోడళ్ల గొడవలా అనిపిస్తుంది. అమ్మ ఒళ్లు తుడిచింది నాయనమ్మే, కాళ్లు పిసికింది నాయనమ్మే, జావ ఊది ఊది తాగించింది నాయనమ్మే. అమ్మ కోసం తను కూడా ఆ రోజులన్నీ పెరుగు ముట్టలేదు. తన మొగుణ్ని కాపాడుకోలేకపోయిన చోట కోడలినైనా కాపాడుకోవాలని ఆ తాళం వేసింది.

జ్వరం పగలంతా సతాయించేది, రాత్రుళ్లు అమ్మకు నిద్ర పట్టేది కాదు. ఊళ్ల వెంట తిరిగే ఆర్ఎంపీ డాక్టరుకు చూపిస్తే నిద్రమాత్రలు ఇచ్చాడు. పెద్ద ఒళ్లు కదా, అందరికీ ఇచ్చినట్టిస్తే ఏం పనిచేస్తయి అని, మామూలుగా ఇచ్చేదానికి ఎక్కువే రాశాడు. కొన్నాళ్లు వేసుకుంది. ఆపేశాక కూడా వారం దాకా ఆ మత్తు వదల్లేదు. కూర్చుంటే తూలేది. మాట మధ్యలో కన్ను మూతపడేది. నేను జడ వేయించుకోవడానికి ముందు కూర్చుంటే, పాయ చేతిలో పట్టుకునే నిద్రలోకి జారిపోయేది. కడుపు నిండితేనే గిట్ల కునుకు వస్తదని ఎవరో అన్నారు. ఆమెకు నిద్ర పట్టకపోయినా తప్పయింది, పట్టినా తప్పయింది.

ఆ మత్తు తేరుకుంటున్న రోజుల్లోనే మూడోసారి చలి వచ్చింది. తాళం ఉండగానే వచ్చింది. నాయనమ్మకు అది అవమానంలా తగిలింది. ఎక్కడో కన్నం ఉంది, ఇంట్లోంచి ఎవరో అందిస్తున్నారు అని ఆమెకు నిశ్చయమైపోయింది.

వంటింటి అటక మీద డబ్బాలో నువ్వుండలు ఉండేవి. ఒక మధ్యాహ్నం నాయనమ్మ డబ్బా దించి చూస్తే తగ్గినట్టు అనిపించాయట. తమ్ముడికి అప్పుడు ఆరేళ్లు. వాడు అమ్మ మంచం దగ్గర నిలబడి ఉన్నాడు, మూతికి నువ్వులు అంటుకుని ఉన్నాయి. వాడు వాడి కోసమే తీసుకున్నాడు. నాయనమ్మ అంతకుముందే దొడ్లోకి వెళ్లినప్పుడు తలుపు తీసి ఉంటే దూరి, బస్తాలెక్కి తీసుకున్నాడు. నాకు చూపించి మరీ తిన్నాడు. కానీ నాయనమ్మ కళ్లకు కనిపించింది వాడి మూతి కాదు, వాడు నిలబడిన చోటు. అమ్మకు తెచ్చిచ్చావా అని అడిగింది. వాడు భయంతో అవునూ అనలేదు కాదూ అనలేదు. చీపురు తిరగేసి కాళ్ల మీద కొట్టింది. వాడు గుక్క పట్టాడు. నేను అడ్డం వెళ్లి, వాడే తిన్నాడు నాయనమ్మా, అమ్మకు ఇయ్యలేదు అన్నాను. నన్ను పక్కకు నెట్టి మళ్లీ చీపురెత్తింది.

అప్పుడు అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. లేవడానికి రెండు చేతులూ మంచం పట్టెకు ఆనించాల్సి వచ్చింది.

"వాన్ని కొట్టకు అత్తమ్మా. నేనే తెమ్మన్న. నేనే తిన్న."

నాయనమ్మ చేతిలో చీపురు కిందికి దిగింది. ఆమె ముఖంలో కోపం లేదు. ఒక రకంగా ఊరట కనిపించింది, ఇన్నాళ్లకు కారణం దొరికింది కదా అని. చీపురు మూలన పెట్టి, ఎంత పని చేసినవ్ బిడ్డా అంది. సాయంత్రం నాయన చేను నుంచి వచ్చాక సంగతి విన్నాడు. నేను వెంటపడి, అమ్మ అబద్ధం చెప్పింది నాయనా, తమ్ముడే తిన్నాడు అని చెప్పాను. తనే ఒప్పుకున్నాక నువ్వేంది మధ్యల అన్నాడు. ఆ రాత్రి ఆయన అమ్మ మంచం దగ్గరికి రాలేదు. వాకిట్లోనే పడుకున్నాడు. అమ్మ మాత్రం తమ్ముణ్ని పక్కలో వేసుకుని వాడి కాళ్ల మీద వాతల్ని నిమురుతూ పడుకుంది. ఎందుకట్ల చెప్పినవ్ అని నేను అడిగితే, పోనియ్యి బిడ్డా, వాళ్లు ఎట్లా నమ్మరు, దెబ్బలైనా తప్పినయి వానికి అంది.

ఆ తర్వాత ఇంక ఎవరూ ఆమెను ఏం తిన్నవ్ అని అడగలేదు. అడగాల్సిన పని లేకపోయింది. పథ్యం ఇంకా గట్టిపడింది. జావ మాత్రమే, అదీ పలచగా. అమ్మ కాళ్లు ఉబ్బాయి, ముఖం ఉబ్బింది. కళ్ల కింద రెప్ప లాగి చూస్తే పాలిపోయి తెల్లగా ఉండేది. ఉబ్బును చూసినవాళ్లు ఇంత లంఖణంలో కూడా ఒళ్లు తగ్గలేదు చూడు అన్నారు. ఒంట్లో నెత్తురు లేక నీరు చేరింది అనే మాట ఒక్కరి నోటా రాలేదు.

ఎండలు ముదిరాక ఒక రోజు అమ్మ తెలివి తప్పింది. నాయన జీపు కిరాయికి మాట్లాడి పెద్ద దవాఖానాకు తీసుకుపోయాడు. నాయనమ్మ, నేను వెనక కూర్చుని అమ్మ తలను ఒళ్లో పెట్టుకున్నాం. అక్కడి డాక్టరు రెప్ప లాగి చూసి, ఈమెకు ఏం పెడుతున్నారు అని అడిగాడు. నాయనమ్మ చేతులు కట్టుకుని, ఏం పెడ్తలేం సారూ, కడక్ పథ్యం అని చెప్పింది. మెచ్చుకుంటాడనుకుంది పాపం. ఆయన ఆమె ముఖం వైపు ఒకసారి చూసి, చెప్పడానికి తీరిక లేనట్టు లోపలికి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున అమ్మ పోయింది. ఒంటి బరువుకు నలుగురు చాలలేదని, జీపు ఎక్కించడానికి ఇంకో ఇద్దర్ని పిలిచారు. ఆ పిలుపు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. మందు చాలలేదేమో అని ఒక్కరికీ తోచలేదు, మనుషులు చాలలేదని మాత్రం అందరికీ తెలిసింది.

దినాలకు వచ్చిన వాళ్లందరికీ నాయనమ్మ ఒకే మాట చెప్పింది. అంత చేసినం, నోరు కట్టుకోలేకపోయింది. ఏడుస్తూనే చెప్పింది. తర్వాత్తర్వాత ఏడుపు పోయి మాట మిగిలింది. ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చినా నాయనమ్మ వెళ్లి పక్కన కూర్చుని పథ్యం చెప్పేది. వాళ్లు మొరాయిస్తే, మా కోడలు నువ్వులుండ తిని పానం మీదికి తెచ్చుకుంది అని చెప్పేది. మా అమ్మ బతికిన రోజులన్నీ, ఆమె నవ్వులు, జోకులు, గాజులు, అన్నీ కొట్టుకుపోయి ఒక నువ్వుండ మిగిలింది. నేను ఆ మాట వచ్చినప్పుడల్లా లేచి బయటికి వెళ్లిపోయేదాన్ని. నువ్వుండ ఆమె తినలేదని నాకు తెలుసు. కానీ తినకపోతే జ్వరం ఎందుకు తిరగబెట్టింది అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. పదేళ్లకు పైగా ఆ జవాబు లేకుండానే ఉన్నాను.

తొంభైల్లో నా కాపురం అశ్వారావుపేటలో. మా ఆయన మోటార్లు బాగు చేసే షెడ్డు పెట్టుకున్నాడు. చుట్టూ పామాయిల్ తోటలు కొత్తగా పెరుగుతున్న రోజులు. ఇద్దరు పిల్లల తర్వాత నాకూ అమ్మ ఒళ్లే వచ్చింది. నడక కూడా అదే అని చుట్టాలు అనేవాళ్లు. ఒక చలికాలం ఆ పాత చలి నన్ను కూడా పట్టుకుంది. మందుల షాపులో అందరికీ ఇచ్చే గోళీలు వేసుకుంటే తగ్గింది. నెలన్నరకు తిరగబెట్టింది. కబురు తెలిసి తమ్ముడి దగ్గర ఉంటున్న నాయనమ్మ బస్సెక్కి వచ్చేసింది. అప్పటికి నడుం వంగిపోయింది, చూపు ఆనదు. అయినా సంచిలో పాతబియ్యం, శొంఠి, చింతకాయ తొక్కు తెచ్చింది. వచ్చీ రాగానే నా పొయ్యి స్వాధీనం చేసుకుంది. నా తల మీద చెయ్యి వేసి, మీ అమ్మ లెక్క చెయ్యకు బిడ్డా అంది.

నాకు ఒళ్లు మండింది. జ్వరం వల్ల కాదు.

మర్నాడు మా ఆయన స్కూటరు మీద ఒక లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. నెత్తురు పరీక్షలో మలేరియా అని తేలింది. ముందుగదిలో బెంచీల మీద జనం, ఆ జనం మధ్యలో బరువు చూసే మిషను. నర్సు ఎక్కమంది. నేను ఎక్కనన్నాను. ఎనభై అని రాసుకోండి అన్నాను. అంత మంది ముందు ముల్లు ఎక్కడికి పోతుందో చూపించుకోవడం కంటే జ్వరంతో ఉండటమే నయమనిపించింది. నర్సు లోపలికి వెళ్లి ఏం చెప్పిందో, డాక్టరమ్మ బయటికి వచ్చి మిషనును తన గదిలోకి మోయించి తలుపు వేసింది.

"మిమ్మల్ని చిన్నబుచ్చడానికి కాదమ్మా. మీ బరువు తెలియకపోతే నేను మందు రాయలేను," అంది.

ఎక్కాను. ముల్లు వంద దాటి ఆగింది. ఆమె నవ్వలేదు, తల కూడా ఆడించలేదు, కాగితం మీద ఏదో లెక్క వేసుకుంది. ఇంతకుముందు ఎన్ని గోళీలు వేసుకున్నారని అడిగింది. చెప్పాను. అది సన్నటి మనిషికి సరిపోయే మందు, మీ ఒంటికి తక్కువ పడింది అంది. పైకి తగ్గినట్టే ఉంటుందట. కానీ ఈ మలేరియా పురుగు కొంత కాలేయంలో దాక్కుంటుంది, దాన్ని చంపే మందు మనిషి బరువుకు తగ్గట్టు పడకపోతే అక్కడ మిగిలిపోయి, నెలకో రెండు నెలలకో మళ్లీ లేస్తుంది అని చెప్పింది.

పథ్యం తప్పితే తిరగబెట్టదా అని అడిగాను.

"పథ్యానికీ దీనికీ సంబంధమే లేదు. మీరు వంకాయ తిన్నా, నువ్వులు తిన్నా ఈ జ్వరం రాదు. తినకుండా ఉంటేనే ప్రమాదం."

నువ్వులు అని ఆమె ఎందుకంది? ఊరికే నోటికి వచ్చి ఉంటుంది. నేను మాత్రం అమ్మ సంగతి మొత్తం చెప్పాను, నాలుగు గోళీలు, రెండుసార్లు తిరగబెట్టడం, తాళం, చివరికి నిద్రమాత్రల మత్తు కూడా. బయట జనం ఉన్నా ఆమె వింది. నిద్రమాత్రల దగ్గర ఆపి అడిగి తెలుసుకుంది. ఆ మందులు కొవ్వులో కరుగుతాయట. రోజూ వేస్తే లావు మనిషి ఒంట్లో పేరుకుని, ఆపేశాక కూడా కొద్దికొద్దిగా నెత్తురులోకి దిగుతూనే ఉంటాయట. అంటే లావు మనిషికి ఒక మందు చాలకపోవచ్చు, ఇంకో మందు ఎక్కువైపోవచ్చు. అందరికీ ఒకటే అనడమూ తప్పే, పెద్ద ఒళ్లు కదా అని గుడ్డిగా పెంచడమూ తప్పే, ఒక్కో మందుకు ఒక్కో లెక్క అంది. అమ్మకు తక్కువ ఇవ్వాల్సినది ఎక్కువ ఇచ్చారు, ఎక్కువ ఇవ్వాల్సినది తక్కువ ఇచ్చారు. గాజులకు కొలత ఉంది, జాకెట్టుకు కొలత ఉంది, మందుకు మాత్రం ఆమెను ఎవరూ కొలవలేదు.

డాక్టరమ్మ చివర్లో, మీ అమ్మగారిని నేను చూడలేదు కాబట్టి ఆమె ఎందుకు పోయిందో గట్టిగా చెప్పలేను అంది. కానీ ఆమె ఏదో తిన్నందువల్ల మాత్రం జ్వరం తిరగబెట్టలేదు, అది మాత్రం గట్టిగా చెప్తాను అంది.

స్కూటరు మీద ఇంటికి వస్తూ దారి పొడవునా ఏడ్చాను. మా ఆయన జ్వరం నొప్పులనుకుని మెల్లగా నడిపాడు. ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. మలేరియా ఆయన తనకు రాసిచ్చినట్టే ఇచ్చాడు. ఊళ్లో వాళ్లు తమకు తెలిసిందే అన్నారు. కోపమంతా పోగై పొయ్యి దగ్గర కూర్చున్న ముసలామె మీదికే మళ్లింది. ఇన్నేళ్లూ ఇంటింటికీ తిరిగి మా అమ్మను తిండికి పోయిన మనిషిగా చెప్పింది ఆమే కదా. ఇవాళ్టితో ఆ మాట ఆగాలి అనుకున్నాను.

నాయనమ్మ బీరకాయ చెక్కు తీస్తోంది. ఎదురుగా చాప మీద కూర్చుని చెప్పాను. మెల్లగా చెప్పాలనుకున్నా గొంతు పెరిగింది. బరువు మిషను సంగతి చెప్పాను, మందు చాలకపోతే ఏమవుతుందో చెప్పాను, పథ్యంతో పని లేదని చెప్పాను. అమ్మకు ఇచ్చిన మందు ఆమె ఒంటికి సరిపోలేదు నాయనమ్మా, ఆమె తినడం వల్ల కాదు అన్నాను.

ఆమె చాకు ఆపింది. "తిన్ననని అదే చెప్పింది గదనే," అంది.

తమ్ముడి సంగతి చెప్పాను. వాడే తిన్నాడని, వాణ్ని కొట్టొద్దని అమ్మ తన మీద వేసుకుందని, అది తప్ప ఇంకేమీ లేదని చెప్పాను. ఆ రోజు నేను అడ్డం వచ్చి చెప్పింది నీకు గుర్తుందా అని అడిగాను. ఆమె చూపు ఆనని కళ్లతో నా ముఖం కోసం వెతికింది. నా ముఖం అమ్మ ముఖమే అని అందరూ అంటారు. చేతిలో సగం చెక్కిన బీరకాయను పక్కన పెట్టి, తడి చేతుల్ని చీరకు తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఉంది. అప్పుడు నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. ఈ మాట చెబితే అమ్మ పేరు బాగుపడుతుందని మాత్రమే అనుకుంటూ వచ్చాను. అది ఈమెకు ఎక్కడ తగులుతుందో ఆలోచించలేదు.

ఆమె గొంతు చిన్నపిల్ల గొంతులా వచ్చింది.

"అయితే అది ఆకలితోనే పోయిందా బిడ్డా? నేను తాళమేసిన రోజులన్ని, ఏం తినకుండనే పండుకున్నదా?"

కాదని చెప్పొచ్చు. ఆ వయసులో ఆ మనిషికి కాదని ఒక్క మాట చెబితే ఆ పూట అన్నం తింటుంది, రాత్రి నిద్రపోతుంది. కానీ కాదంటే అమ్మ మళ్లీ దొంగతిండి తిన్న మనిషి అవుతుంది. నేను ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి.

"అవ్ నాయనమ్మా," అన్నాను.